‘కోకో’ సినిమాలో ఉన్నది మన బంతిపువ్వేనా? మెక్సికో నుంచి బతుకమ్మ దాకా

మీలో చాలామంది 2017లో వచ్చిన ‘కోకో’ సినిమా చూసే ఉంటారు. చనిపోయినవాళ్ల లోకానికీ బతికున్నవాళ్ల లోకానికీ మధ్య ఒక వంతెన ఉంటుంది కదా, మొత్తం నారింజ రంగు రేకులతో కట్టినట్టు మెరుస్తూ ఉంటుంది. ఆ సీన్ వచ్చినప్పుడు నా పక్కన కూర్చున్న మా చెల్లెలు ఒక్కసారిగా అంది, “అరే, ఇవి బంతిపూలు కదా! మనవి వాళ్లకెట్లా వెళ్లాయి?”

నేను కూడా అప్పుడు అదే అనుకున్నాను. మన గుమ్మానికి కట్టే పువ్వు, మన బతుకమ్మలో పేర్చే పువ్వు, హాలీవుడ్ వాళ్లు భలే వాడుకున్నారే అని. తర్వాత చదువుతుంటే తెలిసింది, ప్రశ్నే తిరగబడి ఉందని. మనవి వాళ్లకు వెళ్లలేదు, వాళ్లవే మనకు వచ్చాయి. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క పువ్వు గురించే.

మిరపకాయ మీద మాట్లాడినప్పుడు ఒక తమ్ముడు కొంచెం కోపంగానే అడిగాడు, “ప్రతిదీ విదేశీ అంటారేంటి, రేపు బంతిపువ్వు కూడా విదేశీ అంటారా? అయితే బతుకమ్మలో పెట్టడం మానేయాలా?” అని. తమ్ముడూ, ఈ ఎపిసోడ్ నీకే. సగం జవాబు నీకు నచ్చదు, మిగతా సగం నచ్చుతుందేమో చూద్దాం.

ముందు పుట్టిల్లు చూద్దాం. బంతి మొక్క శాస్త్రీయ నామం టాజెటీస్. మన ముద్దబంతి టాజెటీస్ ఎరెక్టా. ఇది సహజంగా పెరిగిన నేల మెక్సికో, మధ్య అమెరికా. అక్కడి ఆజ్టెక్ ప్రజలు మాట్లాడిన నావాట్ల్ భాషలో దీని పేరుకు అర్థం ‘ఇరవై పువ్వు’. ఇరవై ఎందుకంటే, వాళ్ల లెక్క మనలాగా పదుల్లో కాదు, ఇరవైల్లో నడుస్తుంది. మనం ‘వంద రకాలు, వెయ్యి రకాలు’ అంటాం చూడండి, లెక్కపెట్టి కాదు, ‘చాలా’ అని చెప్పడానికి. వాళ్లకు ఇరవై అట్లాంటిది. చాలా రేకులున్న పువ్వు అని. ఇవాళ్టి మెక్సికోలో అదే పేరు కొంచెం మారి ‘సెంపసూచిల్’ అయింది.

ఇక్కడ ఒక పుస్తకం గురించి చెప్పాలి. 1521లో స్పెయిన్ వాళ్లు ఆజ్టెక్ రాజధానిని కూల్చేశారు. ఆ తర్వాత 31 ఏళ్లకు, 1552లో, మార్టిన్ దె లా క్రూజ్ అనే స్థానిక వైద్యుడు తన వాళ్ల మూలికా వైద్యాన్నంతా ఒక పుస్తకంగా చెప్పాడు. హువాన్ బాదియానో అనే ఇంకో స్థానికుడు దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. రంగుల బొమ్మలతో ఉంటుంది. ఊరు పోయింది, రాజ్యం పోయింది, గుళ్లు పోయాయి, కనీసం ఆకులు అలుముల జ్ఞానమైనా మిగలాలని ఆ ఇద్దరూ కూర్చుని రాశారనిపిస్తుంది నాకైతే. ఆ పుస్తకం ఎక్కడెక్కడో తిరిగి, వాటికన్ లైబ్రరీలో చాలా కాలం ఉండి, చివరికి 1990లో మెక్సికోకు తిరిగి వచ్చింది. అందులో మన బంతిపువ్వు ఉంది. దేనికి వాడాలని రాశారో తెలుసా? ఎక్కిళ్లకు. పిడుగు పడ్డవాళ్లకు. ఇంకా, నది క్షేమంగా దాటాలనుకునేవాళ్లకు!

నది దాటడానికి పువ్వేంటి అని నవ్వకండి. మన దగ్గర కూడా గంగమ్మకు పువ్వు వేయకుండా పడవ ఎక్కని వాళ్లున్నారు. మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో పెద్దల పండగ చేస్తారు. మన పెత్తరమాస లాంటిదే అనుకోండి. సమాధుల మీద, ఇంట్లో కట్టిన పూజా పీటల మీద బంతిపూలు గుట్టలుగా పోస్తారు. వీధి నుంచి ఇంటిదాకా రేకులతో దారి వేస్తారు. ఆ రంగు, ఆ ఘాటు వాసన పట్టుకుని పోయినవాళ్లు ఇంటిదారి కనుక్కుంటారని నమ్మకం. సినిమాలో వంతెన ఊరికే పెట్టలేదు.

సరే, అక్కడి నుంచి బయటికి ఎట్లా వచ్చింది? స్పెయిన్ ఓడల్లో గింజలు యూరప్ చేరాయి. ఎంత త్వరగా అంటే, 1542లో జర్మనీకి చెందిన లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే వైద్యుడు అచ్చు వేయించిన మొక్కల పుస్తకంలో అప్పటికే చిన్న బంతి బొమ్మ ఉంది. అంటే ఆజ్టెక్ రాజధాని పడిన 21 ఏళ్లకే. కానీ పేర్ల విషయంలో మాత్రం యూరప్ వాళ్లు చేసిన గందరగోళం అంతా ఇంతా కాదు. ఈ పువ్వు ఉత్తర ఆఫ్రికా తీరంలో విరగబూసి అక్కడి నుంచి మళ్లీ యూరప్‌కు రావడంతో, పెద్ద ముద్దబంతికి ‘ఆఫ్రికన్ మేరీగోల్డ్’ అని పేరు పడింది. చిన్న రేకబంతికేమో ‘ఫ్రెంచ్ మేరీగోల్డ్’. ఇప్పటికీ విత్తనాల పాకెట్ల మీద అవే పేర్లు. రెండిటికీ ఆఫ్రికాతో, ఫ్రాన్స్‌తో పుట్టుక సంబంధం లేదు. అసలు ఊరి పేరు ఒక్క పాకెట్ మీద కూడా ఉండదు. టాజెటీస్ అనే పేరు కూడా ఇటలీ పురాణంలోని టేజెస్ అనే ఒక దేవుడి మనవడి పేరు నుంచి వచ్చింది. ‘ఇరవై పువ్వు’ అని పిలిచినవాళ్లను ఎవ్వరూ అడగలేదు.

మన దగ్గరికి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చింది. వాళ్లు 1510లో గోవా పట్టుకున్నారు. ఆ ఓడల్లో వచ్చిన సామాను లిస్టు చూస్తే మన వంటిల్లు సగం ఖాళీ అవుతుంది: మిరప, జామ, జీడిమామిడి, బొప్పాయి, అనాస. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయారు. అంటే ఆయన మిరపకాయ బజ్జీ తినలేదు, బంతిదండ చూడలేదు. కాళిదాసు ఋతుసంహారం తీసుకోండి, ఆరు ఋతువుల పూలూ వరుసగా వస్తాయి. కదంబం, మొగలి, మోదుగ, అశోకం అన్నీ ఉంటాయి. బంతి ఉండదు. ఆయన చూడని పువ్వు ఆయన ఎట్లా రాస్తాడు?

ఇప్పుడు నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రశ్నకు వద్దాం. ఎన్నో మొక్కలు వచ్చాయి, అన్నీ దేవుడి గదిలోకి రాలేదు. టమాటా వచ్చింది, కూరలోకి వెళ్లింది. బంతి మాత్రం నేరుగా గుడిలోకి, పెళ్లి పందిట్లోకి, గుమ్మం మీదికి ఎట్లా వెళ్లింది?

ఒక కారణం రంగు. పసుపు, కాషాయం మనకు ముందు నుంచే పవిత్రమైన రంగులు. పసుపుకొమ్ము రంగులో, అరచేయంత పువ్వు వస్తే ఎవరు వద్దంటారు? ఇంకో కారణం, నా ఉద్దేశంలో ఇదే అసలైనది, టైమ్. సంపెంగ చెట్టు పూయాలంటే ఏళ్లు ఆగాలి. తామరకు చెరువు కావాలి. మల్లె నాటితే పూలు చూడటానికి చాలా ఓపిక ఉండాలి, పైగా కోసిన సాయంత్రానికి వాడిపోతుంది. బంతి అట్లా కాదు. గింజ వేసిన రెండు, రెండున్నర నెలల్లో పువ్వు చేతిలో ఉంటుంది. చిన్న రేకబంతి అయితే 45, 50 రోజులు చాలు. కోసిన పువ్వు దండగా గుచ్చితే రెండు మూడు రోజులు నిలబడుతుంది. ఆకుల వాసనకు పశువులు పెద్దగా ముట్టుకోవు. చెరువు అక్కర్లేదు, తోట అక్కర్లేదు, చేను గట్టు చాలు. విత్తనం కొనక్కర్లేదు, ఎండిన ఒక్క పువ్వులో వందకు పైగా గింజలుంటాయి. అంటే భూమి లేనివాడు కూడా, ఇంటి ముందు రెండు గజాల జాగా ఉంటే పండక్కి పువ్వు పండించుకోవచ్చు. పువ్వు అనేది పెద్దవాళ్ల తోటల నుంచి బయటికి వచ్చి పేదవాడి వాకిట్లో కూడా పూసిందంటే అందులో ఈ ఏకవార్షిక మొక్కకు పెద్ద వాటా ఉంది.

ఏకవార్షికం అంటే కంగారు పడకండి. ఒకే సీజన్‌లో మొలిచి, పూసి, గింజ ఇచ్చి చనిపోయే మొక్క. దానికి టైమ్ తక్కువ, అందుకే తొందర ఎక్కువ. మల్లెకు వచ్చే ఏడాది ఉంటుంది, బంతికి ఉండదు.

ఇంకొక్క విషయం ఉంది, ఇది తెలిసినప్పుడు నేను మ్యాప్ తెరిచి మరీ చూసుకున్నాను. మీరు కూడా ఫోన్‌లో మ్యాప్ తెరవండి. పెద్దల పండక్కి ప్రసిద్ధి చెందిన మెక్సికోలోని వహాకా నగరం ఎక్కడుందో చూడండి. భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 17 డిగ్రీలు. ఇప్పుడు హైదరాబాద్ చూడండి. అది కూడా 17 డిగ్రీల పైచిలుకు! భూగోళానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, కానీ ఒకే గీత మీద. దీనర్థం ఏంటంటే, ఏ తేదీన చూసినా రెండు చోట్లా పగలు పొడవు దాదాపు ఒకటే. ముద్దబంతికి పగటి పొడవుతో పని ఉంది. పగలు తగ్గుతూ రాత్రి పెరుగుతుంటే అది త్వరగా మొగ్గ వేస్తుంది. జూన్‌లో మనకు పగలు సుమారు 13 గంటలు. అక్టోబర్‌కు వచ్చేసరికి 12 గంటల లోపుకు దిగుతుంది. అంటే మొక్క ఒంట్లో ఉన్న గడియారం అక్టోబర్, నవంబర్‌లో గంట కొడుతుంది. అక్కడ అది పెద్దల పండగ. ఇక్కడ అది బతుకమ్మ, దసరా, దీపావళి. ఓడ దిగిన గింజకు తనకు తెలిసిన ఆకాశమే ఇక్కడ కూడా కనిపించింది. అదే లండన్‌లో అయితే జూన్ పగలు 16 గంటలు దాటుతుంది. అక్కడ పొడుగు ముద్దబంతి తికమకపడి ఆలస్యంగా పూసేది, ఈలోపు చలి వచ్చేసేది. మన పండగలకు బంతి సరిగ్గా అందడం అదృష్టమే కానీ, దాని వెనక ఈ లెక్క ఉంది.

ఇప్పుడు బతుకమ్మకు వద్దాం. మా అమ్మమ్మ పేర్చేటప్పుడు చూసేదాన్ని. కింద ఆకులు పరిచి మొదట తంగేడు. తర్వాత గునుగు, కొసలు కోసి రంగులు అద్దినవి. ఆ తర్వాతే బంతి, చామంతి, చివర్లో గుమ్మడి పువ్వు. నేను బంతిపూలు ముందు పెడదామంటే ఒప్పుకునేది కాదు. “తంగేడు లేనిది బతుకమ్మ గాదు బిడ్డా, బంతి లేకున్నా అయితది” అనేది. ఆమెకు పోర్చుగీసు తెలియదు, మెక్సికో తెలియదు. కానీ వరుస తెలుసు. తంగేడు ఈ నేలలో పుట్టిన చెట్టు. గునుగు జొన్నచేలల్లో ఎవరూ వేయకుండానే మొలిచేది. బంతి తర్వాత వచ్చింది, తర్వాతి వరుసలో కూర్చుంది. అన్నట్టు, పైన కూర్చునే గుమ్మడి కూడా అమెరికా నుంచి వచ్చిందే. సద్దుల రోజు పంచే పల్లి సద్ది ఉంది చూడండి, ఆ పల్లి కూడా దక్షిణ అమెరికాదే. నువ్వులు మాత్రం మనవే, ధైర్యంగా తినండి.

కాబట్టి తమ్ముడూ, మానేయాలా అన్నావు కదా. 400 ఏళ్లకు పైగా మన చేనుగట్టు మీద మొలుస్తున్నదాన్ని ఎవరూ మానేయమనట్లేదు. కానీ ‘వేదకాలం నుంచీ మనదే’ అని ఫార్వర్డ్ చేస్తే మాత్రం, ఆ పుస్తకం రాసుకున్న ఇద్దరు మనుషుల పని మళ్లీ తుడిచేసినట్టు. అది నాకు ఇష్టం లేదు.

అమెరికాలో ఈ పువ్వుకు ఇంకో వింత కథ ఉంది, చెప్పకుండా వదల్లేను. ఫిలడెల్ఫియాలో బర్పీ అనే విత్తనాల కంపెనీ ఉండేది. 1915లో తండ్రి చనిపోతే కొడుకు డేవిడ్ బర్పీ దాన్ని చేతికి తీసుకున్నాడు. ఈయనకు బంతి అంటే పిచ్చి. ఎంత పిచ్చి అంటే, తెల్ల బంతి పూయించి గింజ పంపినవాళ్లకు 10,000 డాలర్లు ఇస్తానని 1954లో ప్రకటించాడు. పసుపు, నారింజ, ఎరుపు ఉన్నాయి, తెలుపు లేదు. ఏళ్ల తరబడి జనం పాకెట్లు పాకెట్లుగా గింజలు పంపారు. లేత పసుపు వచ్చేది, తెలుపు వచ్చేది కాదు. చివరికి 1975లో బహుమతి వచ్చింది ఏ సైంటిస్టుకో కాదు, అయోవా రాష్ట్రంలో సల్లీ అనే చిన్న ఊరిలో ఉండే అలిస్ వాంక్ అనే పెద్దావిడకు. ఆమె చేసిన పని ఏంటి? ప్రతి ఏడాది తన పెరట్లో అన్నిటికంటే పాలిపోయిన పువ్వును గుర్తుపెట్టుకోవడం, దాని గింజ దాచడం, మళ్లీ వేయడం. అంతే. ఏడాదికో తరం మారే మొక్క కాబట్టి ఒక మనిషి జీవితంలో ఇది సాధ్యమైంది. మామిడి చెట్టుతో ఇదే పని చేయాలంటే మనవలు, మునిమనవలు కావాలి.

ఆ బర్పీ గారే బంతిని అమెరికా జాతీయ పుష్పం చేయాలని కూడా తిరిగాడు. ఇలినాయ్ సెనేటర్ ఎవరెట్ డర్క్‌సన్ ఆయన తరఫున సెనేట్‌లో గట్టిగా మాట్లాడాడు. కుదరలేదు. 1986లో రీగన్ సంతకంతో గులాబీ గెలిచింది. మెక్సికో పక్కనే ఉన్న దేశంలో, మెక్సికో పువ్వు జాతీయ పుష్పం అయి ఉంటే ఎట్లా ఉండేదో!

ఇదే కుటుంబంలో, అదే మెక్సికో నుంచి వచ్చిన ఇంకో తొందర పువ్వు జీనియా. 2016 జనవరిలో అంతరిక్ష కేంద్రంలో పూసిన ఫొటో స్కాట్ కెలీ పెట్టాడు, గుర్తుందా? మధ్యలో బూజు పట్టి మొక్కలు చచ్చిపోయేలా ఉంటే, భూమి మీది నుంచి టైమ్‌టేబుల్ ప్రకారం నీళ్లు పోయడం ఆపి, తోటమాలిలాగా చూసి పోస్తానని అడిగి మరీ బతికించాడు. అంతరిక్షంలోకి కూడా తొందరగా పూసేదాన్నే తీసుకెళ్లారు చూడండి. దాదాపు ఏడాదికి వెళ్లినవాడికి మల్లెతీగ దేనికి?

సరే, కొంచెం నేల మీదికి వద్దాం. దసరాకి మీ బాల్కనీలో బంతి పూయాలంటే ఏం చేయాలి? పండగ తేదీ నుంచి వెనక్కి 75, 80 రోజులు లెక్కపెట్టండి. పండగ అక్టోబర్ మధ్యలో వస్తే జూలై చివర్లో గింజ వేయాలి. పావు అంగుళం మట్టి కప్పితే చాలు, వారంలోపే మొలుస్తుంది. నాలుగు వారాలకు నారు తీసి ఒక్కో కుండీలో ఒక్కోటి నాటండి. ఐదారు జతల ఆకులు వచ్చాక పైకొస గిల్లేయండి. గిల్లితే పువ్వు ఒక వారం పదిరోజులు ఆలస్యం అవుతుంది, కానీ పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువ వస్తాయి. ఆలస్యంగా మొదలుపెట్టారా, అయితే గిల్లకండి. ఎండ మాత్రం రోజుకు కనీసం ఐదారు గంటలు పడాలి. నీడలో పెట్టి ఎరువు వేస్తే ఆకులే వస్తాయి. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. నడుమెత్తు మొక్క, నాలుగు పూలు.

రెండో తప్పు కూడా చెప్తాను. ఒక ఏడాది పాకెట్లో కొన్న హైబ్రిడ్ గింజలు వేస్తే పూలు ఎంత బాగా వచ్చాయంటే, ఒక్కోటి చిన్న టెన్నిస్ బంతంత. అమ్మమ్మలాగా ఎండబెట్టి గింజ దాచాను. మరుసటి ఏడాది వేస్తే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, సగం మొక్కలకు ఒంటి రేక పూలు. హైబ్రిడ్ గింజ రెండో తరంలో తల్లిలాగా రాదు, ఇది అందరికీ చెప్పరు. గింజ దాచుకోవాలనుంటే నాటు రకం వేయండి, లేదా ఢిల్లీ పూసా సంస్థ ఇచ్చిన పూసా నారంగి గేందా, పూసా బసంతి గేందా లాంటి రకాలు వేయండి.

ఇది కుండీ వరకు అయితే చిన్న విషయమే. రైతుకు మాత్రం చిన్నది కాదు. ప్రతి పంటకూ విత్తనం కొనాలి, నారు కొనాలి. పువ్వేమో అందరికీ ఒకే వారంలో వస్తుంది. దసరా ముందు రోజు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి చూడండి, ఆ రేటు వేరు. పండగ అయిన మర్నాడు వెళ్లండి, మిగిలిపోయిన పసుపు గుట్టలు కనిపిస్తాయి, అడిగేవాడుండడు. రెండున్నర నెలల పంటకు అమ్ముకునే టైమ్ మూడు నాలుగు రోజులు. పగటి పొడవు ఒక్కటే అయినప్పుడు పువ్వు ఎవరి కోసమూ ఆగదు కదా. కొందరు రైతులు టమాటా చేను చుట్టూ బంతి వేస్తారు. కాయ తొలిచే పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెడుతుంది, టమాటా కొంత బతుకుతుంది. బంతి వేర్లు నేలలో ఉండే నులిపురుగులను కూడా తగ్గిస్తాయి. అట్లాంటివాళ్లకు పువ్వు రేటు పడిపోయినా మొత్తం మునగదు.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమె పోయిన ఏడాది ఇల్లు సర్దుతుంటే, బియ్యం డబ్బా వెనకాల పాత చీర ముక్కలో కట్టిన మూట దొరికింది. విప్పితే ఎండిపోయిన బంతిపూలు, నల్ల తోకలు, తెల్ల కుచ్చులున్న గింజలు. ఏ ఏడాదివో తెలియదు. ఒక గుప్పెడు తెచ్చి టెర్రస్ మీద వేశాను. చాలావరకు మొలవలేదు, పదకొండు మొలిచాయి. పెద్ద పూలేం కాదు, ముదురు నారింజ, కొంచెం చిన్నవి, వాసన మాత్రం గట్టిగా. వాటి గింజలు ఇప్పుడు నా దగ్గర మూడు కవర్లున్నాయి. ఒకటి మా చెల్లెలికిచ్చాను. జూలై వస్తే రెండోది వేస్తాను.

వచ్చే ఎపిసోడ్‌లో చామంతి. అది ఇంకో దేశం కథ. ఉంటాను.